పెన్ టాబ్లెట్ డ్రైవర్: విడిగా ఉంచాలా, కెర్నెల్‌కి పంపాలా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి):
సీతమ్మధారలో పిల్లలకి బొమ్మలు నేర్పే మా అక్క కోసం ఒక పెన్ టాబ్లెట్‌కి (పెన్నుతో కంప్యూటర్‌లో బొమ్మలు గీసే పలక) లినక్స్ డ్రైవర్ రాశానండి. ప్రెషర్ (పెన్ను నొక్కే బలం) చక్కగా వస్తోంది. కానీ కెర్నెల్ (లినక్స్ మూల భాగం) అప్‌డేట్ అయినప్పుడల్లా నా డ్రైవర్ మాడ్యూల్ మళ్ళీ బిల్డ్ చేయాలి, ఒక్కోసారి కంపైలే అవదు. అక్క క్లాసు ఆగిపోతుందని టెన్షన్. కెర్నెల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ని తనంతట తానే బిల్డ్ చేసే డీకేఎంఎస్‌తో నెట్టుకురావచ్చా, లేక డ్రైవర్‌ని కెర్నెల్‌లోకే పంపాలా?

జవాబు (గాజువాక):
డీకేఎంఎస్ బిల్డ్ మాత్రమే చేసిపెడుతుంది. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు మారితే కోడ్ దిద్దాల్సింది మీరే. అదే డ్రైవర్ మెయిన్‌లైన్‌లో (అధికారిక కెర్నెల్ కోడ్‌లో) ఉంటే, ఆ ఫంక్షన్ మార్చినవాళ్ళే మీ కోడ్ కూడా సరిచేస్తారు. అందుకే పంపమంటాను. ముందు కెర్నెల్‌లో ఇప్పటికే ఉన్న హెచ్ఐడీ-యూసీలాజిక్ అనే పెన్ టాబ్లెట్ల డ్రైవర్ చూడండి, మీది ఆ కుటుంబమేమో.

జవాబు (మధురవాడ):
తేడా అంతా రిపోర్ట్ డిస్క్రిప్టర్‌లోనే (ఏ డేటా ఎలా పంపుతుందో టాబ్లెట్ కెర్నెల్‌కి చెప్పే వివరణ) అయితే డ్రైవరే అక్కర్లేదు బ్రదర్. 2023లో వచ్చిన 6.3 కెర్నెల్ నుంచి హెచ్ఐడీ-బీపీఎఫ్ (కెర్నెల్ కోడ్ ముట్టుకోకుండా ఇలాంటి పరికరాల తేడాలు దిద్దే సదుపాయం) ఉంది. చిన్న ప్రోగ్రామ్‌తో డిస్క్రిప్టర్ దిద్దేయొచ్చు. హెచ్ఐడీ-రికార్డర్ అనే టూల్‌తో టాబ్లెట్ పంపే డేటా రికార్డు తీసి పెట్టండి, చూద్దాం.

ప్రశ్న అడిగినవారు:
యూసీలాజిక్ కాదండి. డిస్క్రిప్టర్‌లో గరిష్ఠ ప్రెషర్ 2047 అని ఉంది, పెన్ను 8191 దాకా పంపుతోంది! మిగతాదంతా సరిగ్గానే ఉంది. బీపీఎఫ్‌తో రాస్తాను. రికార్డు రాత్రికి పెడతా.