వేసవి సంగీతోత్సవ మైదానాన్ని ఏడాది పొడవునా వాడుకోవడం ఎలా?

ప్రశ్న: ఉత్సవ సంఘ సభ్యుడు, విశాఖపట్నం

భీమిలి వెళ్ళే దారిలో, రోడ్డుకు కొండవైపున, మా సంఘానికి కౌలు మీద నాలుగెకరాల మైదానం ఉన్నది. ప్రతి మే నెలలోనూ అక్కడ ఐదు రోజులు సంగీతోత్సవం జరుపుతాము. ఆ ఐదు రోజుల కోసమే వేదిక కట్టించాము, బోరు వేయించాము, కరెంటు మీటరు పెట్టించాము, మరుగుదొడ్లు కట్టించాము. మిగిలిన మూడు వందల అరవై రోజులూ అక్కడ కాపలాదారు, అతని రెండు మేకలు తప్ప మరెవరూ ఉండరు. కౌలు మాత్రం పన్నెండు నెలలకూ కట్టవలసిందే.

మొన్నటి సమావేశంలో మూడు అభిప్రాయాలు వచ్చాయి. పెళ్ళిళ్ళకు అద్దెకిస్తే ఒక్క మాఘమాసంలోనే కౌలు డబ్బు వచ్చేస్తుందని కొందరన్నారు. ఎగ్జిబిషన్ వాళ్ళకు రెండు నెలలు అప్పగించి చేతులు దులుపుకోవడం మేలని మరికొందరన్నారు. సంగీతం కోసం తీసుకున్న నేల మీద సంగీతం తప్ప మరొకటి జరగరాదని పెద్దలిద్దరు పట్టుబట్టారు. నాకు ఈ మూడింటిలో ఏదీ పూర్తిగా రుచించలేదు. ఇటువంటి స్థలాలను నడిపిన అనుభవం ఉన్నవారు, ఏ నెలలో ఎటువంటి కార్యక్రమాలు పెట్టవచ్చునో, వేటికి దూరంగా ఉండాలో చెప్పవలసిందిగా కోరుతున్నాను. మైదానం నేల గరప. తూర్పున రోడ్డు దాటితే సరుగుడు చెట్లు, వాటి వెనుక సముద్రం. పడమట వంద గజాల దూరంలో ఇళ్ళు మొదలవుతాయి.

సమాధానం: పందిళ్ళ వ్యాపారి, గాజువాక

ముప్పయ్యేళ్ళుగా షామియానాలు వేయించడమే నా వృత్తి కనుక నేల గురించి, వానల గురించి చెప్పగలను. తక్కిన విషయాలు తెలిసినవారు చెబుతారు.

ఒక్క పెద్ద వేడుక పేరు మీద నిలబడిన మైదానం ఏడాదంతా పని చేయడం మన తెలుగువారికి కొత్తేమీ కాదు. హైదరాబాదు నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, తరువాత నాంపల్లి మైదానానికి మారింది. జనవరి 1న మొదలై నలభై ఆరు రోజులు నడిచే ఆ ప్రదర్శన ఆదాయంతో దానిని నడిపే సొసైటీ విద్యాసంస్థలను పోషిస్తున్నది. అదే మైదానంలో మృగశిర కార్తె నాడు చేప మందు కోసం జనం బారులు తీరుతారు. అంటే శీతాకాలపు ప్రదర్శన కోసం ఏర్పడిన నేల జూన్‌లో పూర్తిగా వేరే పనికి, వేరే జనానికి ఉపయోగపడుతున్నది. వచ్చేవాళ్ళకు నడిచే దారీ నీళ్ళూ నీడా చూసి పెట్టారు కనుకనే అది సాధ్యమైంది.

మన ఊరి సంగతి వేరు. ఇక్కడ క్యాలెండరును సముద్రం రాస్తుంది. అక్టోబరు, నవంబరు నెలలలో అడ్వాన్సులు పుచ్చుకుని పెద్ద పందిళ్ళ కార్యక్రమాలకు ఒప్పుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నావి నలభై ఇనుప రాటలు వంకర తిరిగిపోయాయి, గుడ్డలు ఏ ఊళ్ళో తేలాయో ఈనాటికీ తెలియదు. మీ మే నెల కూడా పూర్తిగా నమ్మదగినది కాదు. 2010లో లైలా, 2022లో అసని తుపానులు రెండూ మే నెలలోనే వచ్చాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గరప నేల మీద ఒక్క లోడు లారీ దిగినా చక్రాల గాళ్ళు మళ్ళీ మే దాకా మానవు. కనుక డిసెంబరు నుంచి మార్చి వరకు మీకు అసలైన కాలం. వానాకాలంలో వేదిక వరకే వాడుకోండి, నేలను వదిలేయండి.

పెళ్ళిళ్ళ మాట. డబ్బు వస్తుంది, కాదనను, నేను తిన్నది ఆ తిండే. కాని ఒక్క పెళ్ళికి మూడు రోజులు బండ్లు తిరుగుతాయి, వంటల దగ్గర పోసిన వేడి గంజికి, నూనెకు గడ్డి చచ్చిపోతుంది. మాఘంలో పది పెళ్ళిళ్ళు చేసిన నేల మీద మేలో శ్రోతలను చాపలేసి కూర్చోబెట్టలేరు. ఇవ్వదలిస్తే వంటకు ఒక మూల గట్టు కట్టించి, లారీల దారి రాళ్ళతో గట్టి చేసిన తరువాతే ఇవ్వండి.

సమాధానం: మైదానం పక్క వీధి గృహిణి

మీ మైదానం పక్కన కాకపోయినా, ఇటువంటి మరొక మైదానం పక్కన పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ఏడాదికి ఐదు రోజుల పాటను మేము పండుగలాగే భరించాము, నిజానికి ఎదురుచూశాము కూడా. అది నెలకు పది రాత్రులైనప్పటి నుంచి మా వీధి వాళ్ళు ఫిర్యాదు రాయడం నేర్చుకున్నారు. ఇందులో నిర్వాహకులు చెడ్డవారు కావడం అంటూ ఏమీ లేదు. ఐదు రోజులకు సరిపోయిన ఏర్పాటునే యాభై రోజులకు సాగదీశారు, అంతే.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రికి, పాఠశాలకు, న్యాయస్థానానికి వంద మీటర్ల లోపల అది ఇంకా తక్కువ. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు పెట్టరాదు. సాంస్కృతిక, మతపరమైన సందర్భాలకు అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది కాని, అది ఏడాది మొత్తానికి పదిహేను రోజులకు మించదు. ఏడాది పొడవునా కార్యక్రమాలు చేయదలచిన మీరు ఆ సడలింపును లెక్కలోకే తీసుకోకుండా, తొమ్మిదిన్నరకు మంగళం పాడే అలవాటు చేసుకోవడం మంచిది. ధనుర్మాసంలో ముప్పయి రోజులు రోజుకొక పాశురం చొప్పున తిరుప్పావై వినిపించాలని ఎవరైనా అంటే చాలా బాగుంటుంది, తప్పక చేయండి, అయితే ఆరు గంటలకు ముందు మైకు లేకుండా చేయండి. వంద మంది కూర్చుంటే నోటి పాటకు మైకు దేనికి?

మరొక మాట. సాయంత్రం గాలి సముద్రం మీది నుంచి ఇళ్ళవైపు వీస్తుంది, ధ్వనిని కూడా తనతో మోసుకొస్తుంది. వేదిక వీపు పడమటి ఇళ్ళవైపు ఉండి, స్పీకర్లు సముద్రం వైపు చూసేటట్లుంటే మాబోటి వారికి సగం బాధ తగ్గుతుంది. కాని దీపాలను మాత్రం అటు తిప్పకండి. జనవరి మొదలుకొని వేసవి తొలినాళ్ళ దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వెలుతురు కనిపిస్తే పిల్లలు సముద్రం అనుకుని రోడ్డువైపు పాకుతాయి. దీపాలకు పైకప్పులు బిగించి వెలుగు నేల మీదికి పడేటట్లు చేయడం పెద్ద ఖర్చు కాదు.

సమాధానం: విశ్రాంత రేవు ఉద్యోగి, ఎం.వి.పి. కాలనీ

మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు మిల్వాకీలో చూసినది చెబుతాను, ఎందుకంటే అదీ నీటి ఒడ్డున ఉన్న రేవు పట్టణమే. అక్కడ 1968లో సమ్మర్‌ఫెస్ట్ అనే సంగీతోత్సవం మొదలై, 1970లో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న స్థలానికి మారింది. అంతకు ముందు అది సైన్యం వారి నైకీ క్షిపణుల స్థావరం. స్థలం నగరానిది, ఉత్సవ సంస్థ కౌలుకు తీసుకున్నది. నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఏడాదంతా కార్యక్రమాలు తామే చేయాలని ఆ సంస్థ తాపత్రయపడలేదు. వేదికలు, కరెంటు, నీళ్ళు, గేట్లు సిద్ధంగా ఉన్నాయి కనుక తక్కిన వారాంతాలలో ఊళ్ళోని సమాజాలు వచ్చి తమ పండుగలు చేసుకున్నాయి. ఐరిష్ వారి ఉత్సవం, జర్మన్ల ఉత్సవం రెండూ 1981లో అలాగే మొదలయ్యాయి. చలికాలంలో సరస్సు గడ్డకట్టే రోజులలో అక్కడ పెద్ద సందడి ఉండదు, దానికెవరూ చింతించరు.

మన ఊరికి రేవు, నౌకాదళం, రైల్వే, ఉక్కు కర్మాగారం కలిసి దేశంలోని అన్ని రాష్ట్రాల వారినీ తెచ్చిపెట్టాయి. మలయాళీల ఓణం, బెంగాలీల దుర్గాపూజ, ఒడియా వారి వేడుకలు ఇప్పటికే ఏదో ఒక కల్యాణమండపంలో ఇరుకుగా జరుగుతున్నాయి. ఓణం వానలలో, దుర్గాపూజ తుపానుల రోజుల్లో పడుతుంది కనుక వాటికి మీ వేదిక, మరుగుదొడ్లు చాలు. ఇక పొడి నెలలలో మన ఉత్తరాంధ్ర వారినే పిలవండి. తప్పెటగుళ్ళు, జముకుల కథ, అరకు థింసా ఆరుబయలు కోరే కళలు, వాటిని మన ఊరి కళాభారతి వంటి నాలుగు గోడల హాలు వేదిక ఎక్కిస్తే కాళ్ళు కట్టేసినట్లే. థింసాకు అసలు వేదికే అక్కరలేదు, చేయీ చేయీ పట్టుకుని వలయం తిరగడానికి చోటుంటే చాలు. ఏటికొప్పాక లక్క బొమ్మలు, పొందూరు ఖద్దరు, అరకు కాఫీ అదే రోజున అమ్మకానికి పెడితే వచ్చినవారు వట్టి చేతులతో వెళ్ళరు.

ఎగ్జిబిషన్ వాళ్ళకు రెండు నెలలు ఇచ్చే ఆలోచన నాకు నచ్చలేదు. రంగులరాట్నం దిగిన చోట నేల ఏమవుతుందో పందిళ్ళవారిని అడగండి. ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ ఉత్సవం జరిగేది పాడి ఆవుల పొలంలో. 2018లో లాగా కొన్ని ఏళ్ళు ఉత్సవమే మానేసి నేలను బీడు వదులుతారు. అంత పేరున్నవారే నేలకు సెలవిస్తుంటే మనం నాలుగెకరాలకు కనీసం జూన్, జూలై నెలలు సెలవివ్వలేమా?

ప్రశ్న అడిగిన సభ్యుని జవాబు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ మాటలను నిన్నటి సమావేశంలో చదివి వినిపించాను. పెళ్ళిళ్ళ ఆలోచనను ఈ ఏడాదికి పక్కన పెట్టారు, పెద్దలిద్దరూ థింసా సంగీతమేనని ఒప్పుకున్నారు. డిసెంబరు నుంచి మార్చి వరకు నెలకు రెండు శనివారాలు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర వరకు, ఇతర సమాజాలకూ జానపద బృందాలకూ ఇవ్వాలని నిర్ణయమైంది. స్పీకర్ల దిక్కు మార్చడానికి వేదికను కదిలించలేము కనుక వాటిని రెండు చివరలకు తెచ్చి తూర్పుకు తిప్పించి చూస్తాము, మొదటి రాత్రి పడమటి వీధిలో నేనే నిలబడి వింటాను.

ఒకటి తేలలేదు. కార్తీకంలో వనభోజనాలకు ఇమ్మని ఇప్పటికే రెండు కుటుంబ సంఘాలు అడిగాయి. అది తుపానుల నెల అని తెలిసినా, పందిరి అక్కరలేని పని కనుక వాతావరణ శాఖ సూచన చూసుకుని మూడు రోజుల ముందు ఖాయం చేసే షరతుతో ఒప్పుకోవచ్చునని నా ఉద్దేశం. చిక్కల్లా మైదానంలో ఉసిరి చెట్టు లేదు. ఈ వానలకు నాలుగు అంట్లు నాటిస్తున్నాము. కాయ పట్టడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అంతవరకు కాపలాదారు మేకల నుంచి వాటిని కాపాడే కంచె ఎటువంటిదైతే బాగుంటుందో తెలిసినవారు చెప్పగలరు.