పడమటి వసారా: ఇంటికి కలిపి దింపాలా, విడిగా నిలబెట్టాలా?

జీడితోట_కాశీనగర్:
గజపతి జిల్లాలో కాశీనగర్ దాటాక మా జీడితోట. కరెంటు స్తంభాలు ఊరి చివరే ఆగిపోయాయి, ఇల్లంతా సోలార్ మీదే నడుస్తుంది. నాలుగు ప్యానెళ్లు, రెండు ట్యూబులర్ (నీళ్లు పోసే లెడ్) బ్యాటరీలు, ఒక ఇన్వర్టరు. రెండు గదులు, పైన రేకులు, తూర్పు వాకిలి. బాధంతా పడమటి గోడతోనే. మే నెలలో రాత్రి ఏడింటికి కూడా ఆ గోడకి వీపు ఆనించలేం. దానికి ఇవతలే బ్యాటరీలు. చలికాలంలో డిస్టిల్డ్ వాటర్ సంగతే గుర్తుండదు, ఎండల్లో మాత్రం నెల తిరక్కుండానే మట్టం గీత కిందికి పోతోంది.

అందుకని ఆ వైపు పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు వసారా దింపుదామని ఉంది. మేస్త్రి ఇంటి కప్పు పైపులకే వెల్డింగ్ పెట్టి దించేస్తానంటున్నాడు. తమ్ముడేమో విడిగా స్తంభాల మీద నిలబెట్టమంటున్నాడు. రేకుల బదులు ఏడు పెద్ద ప్యానెళ్లు పరిస్తే నీడా వస్తుంది, కరెంటూ వస్తుందని నా ఆశ. ఏమంటారు? (పడమర పల్లం కూడదని నాన్నగారు పట్టుబడుతున్నారు. ఆ గొడవ ఇంట్లో తేల్చుకుంటాం, ఇక్కడ వద్దు.)

పెంకుటిల్లు_పర్లాకిమిడి:
కలిపే కట్టండి. మా తాతగారి ఇంటికి మూడు వైపులా వసారాలే. వాసాలు దూలం మీంచి ఒకే పరుగున చూరు దాకా దిగేవి. విడిగా కడితే గోడకీ కప్పుకీ మధ్య సందు మిగులుతుంది. శ్రావణంలో ఆ సందులోంచి నీళ్లు గోడ వెంటే దిగుతాయి. గోడ చెమ్మెక్కాక నీడ ఎవరిక్కావాలి?

ఫైనలియర్_సివిల్:
పెంకుటిల్లు గారూ, మీ తాతగారి పెంకుల బరువు వేరు, ఈ రేకుల బరువు వేరు. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. 150 అంటే సెకనుకు దాదాపు 42 మీటర్లు. ఆ వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. దాన్ని కిలోల్లోకి మారిస్తే చదరపు మీటరుకు 100 కిలోల పైమాటే. ఈ వసారా కప్పు సుమారు 18.5 చదరపు మీటర్లు. అంటే రెండు టన్నుల బరువు కిందినుంచి పైకి తోస్తున్నట్టు లెక్క. మూడు వైపులా తెరిచిన వసారా గాలికి గొడుగే. దాన్ని ఇంటి కప్పుకే వెల్డింగ్ చేస్తే లేచేటప్పుడు ఇంటి రేకుల్ని కూడా పట్టుకుపోతుంది.

విడిగా ఆరు స్తంభాలు వేయండి. ఒక్కో గుంత అడుగున్నర చదరం, రెండున్నర అడుగుల లోతు తీసి కాంక్రీటు నింపితే గుంతకు 380 కిలోల దాకా పడుతుంది. ఆరూ కలిస్తే రెండు టన్నులు దాటుతుంది. రెండడుగులకే ఆపితే 1,800 కిలోలే, చాలదు.

పెంకుటిల్లు_పర్లాకిమిడి:
తుఫాను ఎప్పుడో ఒకసారి. వాన ఏటేటా.

జీడితోట_కాశీనగర్:
ఆ ఒకసారీ మేం చూశాం సార్. తిత్లీ రాత్రి పక్క తోటవాళ్ల వసారా రేకు ఒక మూల టపటపా కొట్టుకోవడం మొదలైంది. పావుగంట కూడా పట్టలేదు, వసారా, దాని వెనకే ఇంటి కప్పు, డబ్బా మూత తీసినట్టు లేచిపోయాయి. తెల్లారి చూస్తే రేకులు జీడిచెట్ల మీద. ఒక రేకుకి ఇంటి పైపు ముక్క వెల్డింగ్‌తో సహా వేలాడుతోంది.

సిరొంచ_రైతు:
అన్నా, మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత ఒడ్డు. మాకు తుఫాను భయం లేదు, ఎండ భయమే. ప్యానెళ్ల కప్పు కింద మంచం వేసుకుందామనుకుంటే మాత్రం ఆ ఆశ వదులుకో. ఎండలో ప్యానెల్ వీపు 60 డిగ్రీలు దాటుతుంది, ఆ సెగ నెత్తి మీదికే దిగుతుంది. ఉత్త రేకు కూడా అంతే. మేం రేకుల కింద జానెడు సందు వదిలి వెదురు తడిక కట్టినం. ఆ సందులోంచి గాలి ఆడితే కింద బతకొచ్చు. తాటాకైతే ఇంకా చల్లన, కానీ చెదలు, ఎలుకలు, పైగా నీ ఇన్వర్టరు వైర్లు అటే పోతున్నయ్. నిప్పురవ్వ చాలు.

సోలార్_పని_రాయగడ:
ఈ పని చేసే చెయ్యిగా చెబుతున్నా, ప్యానెళ్లు అక్కడ వద్దు. పడమటి వసారా మీద పొద్దెక్కేదాకా ఇంటి నీడే. ఒక ప్యానెల్ మీద కొంచెం నీడ పడినా ఆ వరుస మొత్తం మందగిస్తుంది. బ్యాటరీ అన్నిటికన్నా నీరసంగా ఉండేది తెల్లవారుజామున, అప్పుడే చార్జింగ్ మొదలవ్వాలి. మీ ప్యానెళ్లు మధ్యాహ్నం నిద్రలేస్తాయి. ఉన్నవాటిని దక్షిణం వైపు 19, 20 డిగ్రీల వాలులో ఉంచి తుడుచుకుంటూ ఉండండి, అదే లాభం. వేడికి బ్యాటరీ పాడవడం మాత్రం నిజం: పది డిగ్రీలు పెరిగితే లెడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. వసారా ఖర్చును బ్యాటరీ ఖాతాలో రాసుకోండి.

ఫైనలియర్_సివిల్:
పెంకుటిల్లు గారి సందు బాధకి ఉపాయం ఉంది. ఇంటి చూరు అడుగున్నర బయటికి పొడిగించి, వసారా కప్పును దాని కిందికి, తొమ్మిది అంగుళాలు దిగువన దూర్చండి. రెండూ తాకవు, నీళ్లు మాత్రం వసారా మీదే పడతాయి. బయటి అంచు ఎత్తు ఆరున్నర అడుగులకు మించనివ్వకండి. అలాగైతే మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఎండ గోడ మొదట్లోనే ఆగుతుంది. ఐదింటికి మాత్రం మూడు, మూడున్నర అడుగులు పైకి పాకుతుంది. ఆ గంటకి వట్టివేళ్ల తడిక దించుకోండి.

జీడితోట_కాశీనగర్:
ఆరున్నర అడుగులంటే మా తమ్ముడు రోజూ తల కొట్టుకుంటాడు. అయినా సరే. విడిగానే కడతాను, పైన రేకులు, కింద తడిక, ప్యానెళ్లు ఉన్నచోటే.

పెంకుటిల్లు_పర్లాకిమిడి:
మీ ఇష్టం. పడమటి గాలివానకి నీళ్లు ఆ తొమ్మిది అంగుళాల్లోంచి అడ్డంగా లోపలికి కొడతాయని మాత్రం ఇప్పుడే చెబుతున్నా. ఆషాఢంలో గోడ ఫోటో పెట్టండి.

జీడితోట_కాశీనగర్:
పెడతాను సార్. నాన్నగారు కూడా ఒప్పుకున్నారు, ఇంటికి తాకకపోతే అది ఇంటి పల్లం కాదట. ఒకటే షరతు, మొదటి గుంత వసారా ఈశాన్యం మూలన తవ్వాలి. ఆ మూల సరిగ్గా బాత్రూమ్ పైపు వెళుతోంది.