కార్ల కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టే సీఎస్ఆర్ డబ్బులు పలాస వైపు డ్వాక్రా వాళ్ళకి వస్తాయా?

ఉద్దానం_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది వజ్రపుకొత్తూరు మండలం. మా అమ్మావాళ్ళ డ్వాక్రా గ్రూపులో చాలామంది పలాస జీడి ఫ్యాక్టరీలకి పన్లోకి ఎల్తారు. ఉడకబెట్టిన పిక్కల్ని కటింగ్ మిషన్ మీద పెట్టి కాలితో తొక్కుతా ఒక్కోటీ పగలగొట్టాలి, ఆ పెంకులోంచి కారే జీడి నూనె చేతికి తగిలితే తోలు లేచిపోద్ది, మా అమ్మ బూడిద రాసుకుని కూర్చుంటాది పనికి. కూలి కేజీ లెక్కన. 2018 తిత్లీ తుపానుకి మా జీడి తోట సగం పడిపోయాక ఇంట్లో ఆ కూలే ఆధారం అయిపోయింది. ఇప్పుడు వీళ్ళంతా సొంతంగా చిన్న యూనిట్ పెట్టుకుందాం అంటన్నారు. మొన్న మీటింగులో ఒకాయన, కార్ల కంపెనీలు ఊళ్ళల్లో ఆడోళ్ళకి కోట్లు ఇస్తన్నాయి, ఒక లెటర్ పెట్టండి చాలు అన్నాడట. నిజమేనా? కియాకి రాయాలా, మహీంద్రాకి రాయాలా? తెలిసినోళ్ళు కొంచెం సెప్పండి.

చీపురుపల్లి_ఆడిటర్:
తమ్ముడూ, లెటర్ పెడితే చాలు అన్నాయన అసలు కథ చెప్పలేదు. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 135 ఉంది, 2014 ఏప్రిల్ నుంచి అమలు. నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి) 500 కోట్లో, టర్నోవర్ 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో, ఈ మూడిట్లో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. పెద్ద కార్ల కంపెనీలన్నీ దీని కిందకి వస్తాయి, డబ్బు ఉన్న మాట నిజమే. కానీ అదే చట్టం కంపెనీ పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ముందు ప్రాధాన్యం ఇవ్వమంది. కియా ఫ్యాక్టరీ ఉన్నది పెనుకొండ దగ్గర, హ్యుందాయ్‌ది శ్రీపెరుంబుదూరు, మహీంద్రా ట్రాక్టర్లది జహీరాబాద్. మన జిల్లాలో ఎవరిదీ లేదు కదా.

రెండోది ఇంకా ముఖ్యం. డ్వాక్రా గ్రూపు అకౌంట్లో నేరుగా సీఎస్ఆర్ డబ్బు పడదు. రిజిస్టరైన సొసైటీయో, ట్రస్టో, సెక్షన్ 8 కంపెనీయో (లాభం కోసం కాకుండా సేవకి పెట్టేది) ఉండాలి, దానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, మూడేళ్ళు అలాంటి పని చేసిన అనుభవం ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి కేంద్రం దగ్గర పేరు నమోదుకి సీఎస్ఆర్-1 ఫారం కూడా వేసుండాలి. కంపెనీ తనే స్వయంగా ఖర్చు పెట్టుకోవచ్చు, కాదనను, కానీ మీ ఊళ్ళో మనిషిని కూర్చోబెట్టి చేయించే ఓపిక ఎవడికుంటాది? మీ గ్రూపు కోసం కొత్తగా ట్రస్టు పెట్టిస్తాను అని ఎవరైనా ఫీజు అడిగితే మాత్రం ఇవ్వకండి.

కొత్తవలస_జంక్షన్:
ఆడిటర్ గారు చెప్పింది కరెక్టే గానీ ఫ్యాక్టరీ లేని చోటికి అసలు రారు అనుకోకండి. మా కొత్తవలసలో రైలెక్కితే అరకు ఎంతసేపు? అక్కడ మహీంద్రాకి ఏ ఫ్యాక్టరీ ఉంది? అయినా వాళ్ళ నన్హీ కలీ, అదే ఆడపిల్లల చదువు ప్రోగ్రాం, 1996లో మొదలైంది, మన్యం పిల్లలదాకా వచ్చింది. వాళ్ళ హరియాలీ కింద అరకులో మొక్కలు కూడా పెట్టించారు. ఎందుకంటే అక్కడ నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్ళ తరబడి గిరిజన కాఫీ రైతుల్తో పని చేస్తా ఉంది, ఆ కాఫీ 2017లో పారిస్‌లో షాపు పెట్టేదాకా పోయింది. అంటే కంపెనీ చూసేది పనిచేసే సంస్థ అక్కడ ఉందా లేదా అని. పలాస జీడికి అలా పట్టుకుని కూర్చునే సంస్థ ఉందేమో ముందు వెతకండి, కంపెనీ పేరు తర్వాత సంగతి.

పెనుకొండలో_బొబ్బిలోడు:
నేను బొబ్బిలి నుంచి వచ్చి ఇక్కడ ఒక విడిభాగాల కంపెనీలో కాంట్రాక్టు మీద చేస్తన్నాను, పేరొద్దు లెండి. నా మాట ఏటంటే కార్ల కంపెనీ వల్ల ఊరు మారేది సీఎస్ఆర్ బోర్డుల వల్ల కాదు. కియా 2017లో ఒప్పందం చేసుకుంది, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీ, 2019లో సెల్టోస్ కారు బయటికొచ్చింది. దాంతో పాటే విడిభాగాల కంపెనీలు, ఫ్యాక్టరీ ఉన్న ఎర్రమంచి చుట్టూ అద్దె రూములు, మెస్సులు, కొరియా వాళ్ళ హోటళ్ళు, షిఫ్టు బస్సులు. మెస్ నడిపే అక్క సంపాదన నా జీతం కంటే ఎక్కువ, నిజంగా. కానీ పర్మనెంటు మాట ఎత్తితే మాత్రం మా సూపర్‌వైజర్ ఫోన్ వచ్చినట్టు బయటికెళ్ళిపోతాడు 😀

సీఎస్ఆర్‌లో నాకు నచ్చింది ఒకటే, టొయోటా వాళ్ళు బెంగళూరు దగ్గర బిడదిలో 2007లో పెట్టిన ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్. కర్ణాటక పల్లెల్లో టెన్త్ పాసైన పేద పిల్లల్ని హాస్టల్లో పెట్టి మూడేళ్ళు పని నేర్పుతారు. కియాకి కూడా గ్రీన్ లైట్ ప్రాజెక్ట్ అని 2012 నుంచి ఉంది, టాంజానియా, మలావీ లాంటి చోట్ల స్కూళ్ళూ అవీ కట్టి కొన్నేళ్ళు నడిపి ఊరోళ్ళకే అప్పజెప్తారు. అప్పజెప్పే ముందు నడపడం నేర్పుతారు చూడండి, అదీ అసలు పని. మన ఐటీఐల్లో అలాంటిది ఒకటి పెట్టించమని అడిగే నాయకుడు ఒక్కడైనా ఉన్నాడా శ్రీకాకుళంలో.

రాజాం_ఆడపడుచు:
బాబూ, నేను వేరే వైపు నుంచి చెప్తాను. మా ఊరికి ఒక కంపెనీ, కార్లది కాదులే, కుట్టుమిషన్లు ఇచ్చింది. మిషన్ల కంటే బ్యానరే పెద్దది. ఫొటోలు తీసుకుని ఎల్లిపోనారు, ఆర్డర్లు తెచ్చేవాళ్ళు లేరు, ఇప్పుడు సగం మిషన్ల మీద బట్టలు ఆరేసుకుంటన్నాం. కాబట్టి మీకు మిషన్ ఎవరిస్తారని కాదు అడగాల్సింది. జీడి యూనిట్‌లో పెద్ద ఖర్చు పిక్కలు కొనడం. సీజన్లో రెండు మూడు నెలల్లో ఏడాది సరుకు కొని పెట్టుకోవాలి, చేతిలో డబ్బు లేక సేటు దగ్గర అప్పు చేస్తే మళ్ళీ పప్పు వాడు చెప్పిన రేటుకే ఇవ్వాలి. అప్పుడు సొంత యూనిట్ అయితేనేం, కూలే కదా.

చిన్న ఫుడ్ ప్రాసెసింగ్ యూనిట్ల కోసం కేంద్రం 2020లో పెట్టిన పీఎంఎఫ్ఎంఈ స్కీములో ఫుడ్ ప్రాసెసింగ్ చేసే డ్వాక్రా సభ్యురాలికి 40 వేల చొప్పున సీడ్ క్యాపిటల్, అంటే మొదలెట్టడానికి డబ్బు, ఉంది, పెట్టుబడికీ చిన్న పనిముట్లకీ వాడుకోవచ్చు. బ్యాంకు లోన్ తీసుకుని యూనిట్ పెడితే ఆ ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ. డ్వాక్రా పనులు చూసే మండల వెలుగు ఆఫీసులో ఏపీఎంని (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్ని) కలిసి ఇప్పుడు అప్లికేషన్లు తీసుకుంటన్నారా లేదా అడుగు. కార్ల కంపెనీ కంటే ఆ ఆఫీసు దగ్గర కదా మీకు.

ఉద్దానం_కుర్రోడు:
అక్కా థాంక్స్, 40 వేలు సంగతి మా గ్రూపు లీడర్‌కి కూడా తెలీదంట. సోమవారం అమ్మని తీసుకుని ఎల్తాను. ఏ కాగితాలు పట్టుకెళ్ళాలి?

రాజాం_ఆడపడుచు:
గ్రూపు తీర్మానం పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్, అందరి ఆధార్ జిరాక్సులు. ఇంకోటి, కేజీ పిక్కలకి ఎంత పప్పు వస్తాది, గుండు (విడిపోని పప్పు) ఎంత, బద్ద ఎంత, ఏ రేటుకి పోద్ది అని మీ అమ్మనే చెప్పమని ఒక తెల్లకాగితం మీద రాసుకో. లీడరు ఒక్కత్తినే పంపకండి, నలుగురు కలిసి ఎల్లండి, లేపోతే రేపు రమ్మంటారు.