అప్‌డేట్: లెయోన్ నుంచి సాంతియాగో దాకా నడిచేశాను

ఈ మోకాళ్లతో స్పెయిన్‌లో కమీనో అనే క్రైస్తవ తీర్థయాత్ర దారిలో లెయోన్ నుంచి సాంతియాగో వరకు సుమారు 300 కిలోమీటర్లు నడవగలనా అని అడిగాను కదా. నడిచాను, 16 రోజుల్లో.

ఎక్కడం కన్నా దిగడమే కష్టమని హెచ్చరించినవారికి దండం. క్రుస్ దే ఫెర్రో శిలువ దాటాక మోలినసెకా ఊరి దాకా దిగేటప్పుడు ఊతకర్రలే నన్ను కాపాడాయి. పోన్‌ఫెర్రాదాలో టెంప్లర్లనే మధ్యయుగ క్రైస్తవ యోధుల కోటను అలసటతో సగమే చూశాను.

పోర్తోమరీన్‌లో మాత్రం చాలాసేపు నిలబడిపోయాను. 1960ల్లో పాత ఊరు జలాశయం కింద మునిగిపోతుంటే, శాన్ నికొలాస్ చర్చిని ఏ రాయికి ఆ రాయి విప్పి గుట్ట మీద మళ్లీ కట్టారు. రాళ్లపై వేసిన అంకెలు ఇంకా కనిపిస్తున్నాయి!

వెళ్లేవారు చివరి 100 కిలోమీటర్లలో యాత్రికుల పుస్తకంలో రోజుకు రెండు ముద్రలు తప్పక వేయించుకోండి. యాత్ర పూర్తి చేసినట్టు నా ధ్రువపత్రం చేతికొచ్చింది. బూట్లను అక్కడే వదిలేశాను.