పోలవరం 45.72 మీటర్లు: ఎత్తా, మట్టమా?

గట్టుమీద:
"పోలవరం ఎత్తు 45.72 మీటర్లు" అని వార్తల్లో చదివిన ప్రతిసారీ నాకు చిరాకు. అది ఆనకట్ట ఎత్తు కాదు. జలాశయం నిండితే నీరు సముద్రమట్టానికి ఎంత పైన నిలుస్తుందో చెప్పే అంకె. పునాది నుంచి కొలిస్తే ఎత్తు, ఒక స్థిరమైన గీత నుంచి కొలిస్తే మట్టం.

నల్లరేగడి:
ఎత్తు అన్న మాటకు అంత కట్టడి ఎక్కడిది? ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లు అంటాం. అది బేస్ క్యాంపు నుంచి కొలిచిందా? పోలవరం ఎత్తు తగ్గిస్తారా అని అడిగేవారికి కావలసింది నీరు 41.15 దగ్గర ఆగుతుందా, 45.72 దాకా వస్తుందా అన్నదే. ఆ సంగతి అందరికీ అర్థమవుతూనే ఉంది.

గట్టుమీద:
కొండ మొదలు ఎక్కడో తేల్చలేం కాబట్టి అక్కడ సరే. ఆనకట్టకు పునాది ఉంది కదా! నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు, అంటే దాదాపు 407 అడుగులే. 590ని ఎత్తు అనుకుంటే మిగిలిన 183 అడుగుల నీరు గాలిలో నిలబడాలి. హుస్సేన్‌సాగర్ 513.41 మీటర్లు అని చదివి, అంత లోతా అని మా బంధువు ఒకాయన బెదిరిపోయారు.

భద్రాద్రివాసి:
ఆ లోతు గొడవ మమ్మల్ని అడగండి. మొదటి ప్రమాద హెచ్చరిక భద్రాచలంలో 43 అడుగులకు, ధవళేశ్వరంలో 11.75 అడుగులకే. ఒకే గోదావరి, ఒకే వరద. ఎవరి కొలబద్దకు వారి సున్నా. 2022 జూలైలో ఇక్కడ 71 అడుగులు దాటినప్పుడు, "అన్ని నీళ్లలో ఎలా ఉన్నారు?" అంటూ చుట్టాల ఫోన్లు. మా ఇంట్లో ఉన్నది మొలలోతు. మోకాలి లోతు, మొలలోతు, పీకల్లోతు... ఈ మాటలకు సున్నా మన పాదాల దగ్గరే. వీటిలో ఎవరూ పొరబడరు.

నల్లరేగడి:
చూశారా, గట్టుమీద గారూ? ఆ వార్తల్లో "నీటిమట్టం" అనే ఉంటుంది. అయినా చుట్టాలు లోతే అనుకున్నారు. మీ మట్టం ఏం కాపాడింది?

గట్టుమీద:
ఈ దెబ్బ నాకు తగిలింది. సరే, ఎక్కడి నుంచి కొలిచారో కూడా రాయమంటాను. పోలవరానికి "సముద్రమట్టానికి" అన్న ఒక్క మాట చాలు. ఎత్తు అని మాత్రం ఒప్పుకోను.

నల్లరేగడి:
శీర్షికలో అంత చోటు ఉండదండీ.