ఫోన్‌లో డబ్బు పంపగలిగితే ఓటెందుకు వేయలేం?

గాలిపటం:
పన్నులు, ఫీజులు, జీతాలు అన్నీ ఫోన్‌లోనే తిరుగుతున్నాయి. ఒక్క ఓటుకే క్యూ! ఎస్తోనియా వాళ్లు 2005 నుంచే ఇంటర్నెట్‌లో ఓటేస్తున్నారు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో పోలైన ఓట్లలో సగానికి పైగా అలా వచ్చినవే. మిగతా దేశాలకేం తక్కువ?

మూడోకన్ను:
బ్యాంకుతో పోలికే తప్పండీ. నా ఖాతాలో నేను చేయని లావాదేవీ కనబడితే వెంటనే గొడవ పెట్టుకుంటా. ఎవరు ఎవరికి ఎంత పంపారో వాళ్ల చిట్టాలో ఉంటుంది, కాబట్టి వెనక్కి తిప్పగలరు. ఓటుకి ఆ చిట్టా ఉండకూడదు. ఉంటే అది రహస్య ఓటే కాదు. మరి నా ఓటు మారిపోయిందని ఏ ఆధారం చూపించి అడగను?

గాలిపటం:
దానికీ ఎస్తోనియా వాళ్లు ఉపాయం చేశారు. కవరులో కవరు అనుకోండి. లోపల తాళం వేసిన ఓటు, పైన డిజిటల్ సంతకం. లెక్కించే ముందు పై కవరు తీసేస్తారు. ఓటు సరిగ్గా చేరిందో లేదో కాసేపటి వరకు ఫోన్‌లో చూసుకోవచ్చు కూడా.

చీమ:
నా భయం హ్యాకర్ల గురించి కాదు, పక్కన కూర్చున్న మనిషి గురించి. బూత్‌లో అట్ట వెనక ఉన్న ఆ అర నిమిషం మొగుడూ ఉండడు, యజమానీ ఉండడు.

గాలిపటం:
గడువులోగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే లెక్క. బూత్‌కెళ్లి కాగితం మీద వేస్తే ఆన్‌లైన్ ఓటు రద్దు.

చీమ:
వెళ్లనిస్తే కదా. గుర్తింపు కార్డు వాళ్ల బీరువాలోనే ఉంటే?

పాతసైకిల్:
నేను ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి, నాకే దీని మీద నమ్మకం లేదు. 2003లో బెల్జియంలోని స్కార్‌బేక్‌లో కంప్యూటర్ లెక్కలో ఒకరికి రావడానికి వీల్లేనన్ని ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కిస్తే సరిగ్గా 4096 ఎక్కువ పడ్డాయని తేలింది. ఆ అంకె చూడగానే మావాళ్లకి విషయం అర్థమైపోతుంది. పన్నెండు రెళ్లు వరసగా గుణిస్తే వచ్చేది అదే. కంప్యూటర్ ఏ అంకెనైనా సున్నాలు, ఒకట్లుగానే దాచుకుంటుంది, ఒక్కో గడిని బిట్ అంటాం. మెమొరీలో అలాంటి ఒకే ఒక్క బిట్ సున్నా నుంచి ఒకటికి తిరిగిందన్నమాట. అంతరిక్షం నుంచి వచ్చిన కిరణమేదో తగిలిందని ఒక ఊహ. వీల్లేనంత పెద్ద అంకె కాబట్టి దొరికింది. అదే 64 అయ్యుంటే?

మూడోకన్ను:
2009లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఓటింగ్ యంత్రాల్ని కాదన్నది ఇందుకే. మోసం జరిగిందని అనలేదు. ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని మామూలు ఓటరు కూడా లెక్కను సరిచూసుకోగలగాలంది. కాగితాన్ని మా అమ్మ కూడా లెక్కపెడుతుంది. మీరు చెప్పిన కవరులో కవరు ఆవిడకి అర్థమయ్యేలా చెప్పండి చూద్దాం.

గాలిపటం:
64 దగ్గర నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. కానీ మా నాన్న మంచం పట్టి నాలుగేళ్లయింది, ఒక్కసారీ ఓటేయలేదు. ఆయనకేం చెప్పమంటారు?

చీమ:
పోస్టల్ ఓటు ఉందేమో కనుక్కోండి. ఉంటే, ఆయన కవరు అంటించేదాకా మీరు గదిలోంచి బయటికి రండి.