ఎలక్ట్రిక్ కారు కొంటే నగరంలో ఇంధనం నిజంగా ఆదా అవుతుందా?

ప్రశ్న (నాగోలు నివాసి):
నేను రోజూ నాగోలు నుంచి నానక్‌రాంగూడలోని కార్యాలయానికి పెట్రోలు కారులో ఒంటరిగా వెళ్తాను. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించినప్పటి నుంచి ఎలక్ట్రిక్ కారు కొనాలన్న ఆలోచన ఉంది. డబ్బు సంగతి అటుంచితే, హైదరాబాద్ వంటి పెరుగుతున్న నగరంలో రవాణాకు ఖర్చయ్యే శక్తి దీనివల్ల తగ్గుతుందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (విద్యుత్ ఇంజినీరు):
కొంతవరకు తగ్గుతుంది. పెట్రోలు ఇంజనులో కాలే ఇంధనంలో దాదాపు పావు వంతు శక్తే చక్రాలకు చేరుతుంది, మిగిలింది వేడిగా పోతుంది. విద్యుత్ మోటారులో ఆ నష్టం చాలా తక్కువ. మన మెట్రో రైళ్లలో లాగే బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి తిరిగి వస్తుంది కూడా. అయితే మన విద్యుత్తులో పెద్ద భాగం బొగ్గు నుంచే వస్తోంది కనుక, థర్మల్ కేంద్రంలో పోయే వేడినీ లెక్కలో వేసుకోవాలి. పైగా టన్నుకు మించిన బండి ఒక్క మనిషిని మోస్తున్న వృథా, ఇంధనం మార్చినంత మాత్రాన పోదు.

జవాబు (విశ్రాంత బస్సు డిపో ఉద్యోగి):
ఇంజినీరు గారు చివర చెప్పిన మాటే అసలు విషయం. డిపోలో మేము రోజూ చూసుకునే లెక్క కేఎంపీఎల్, అంటే లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్నది. నగర బస్సుకు అది సుమారు 4 అనుకోండి. అందులో 50 మంది ఉంటే, ఒక్క లీటరు 200 మందిని కిలోమీటరు దూరం చేర్చినట్లు. మీ కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చినా చేర్చేది మిమ్మల్ని ఒక్కరినే. కానీ అదే బస్సు కార్ల మధ్య ఇరుక్కుని గేర్లు మారుస్తూ పాకితే, ఎంత నేర్పున్న డ్రైవరైనా ఆ 4ను నిలబెట్టలేడు. బస్సులకు ప్రత్యేక వరుస కావాలని నేను గట్టిగా కోరేది ఇందుకే. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సులు నిండుగా నడుస్తున్నాయి. వాటి సంఖ్య కూడా పెరగాలి.

జవాబు (మెట్రో ప్రయాణికురాలు):
నాగోలు నుంచి రాయదుర్గం వరకు రైలు మారకుండానే వెళ్లవచ్చు. చిక్కంతా రాయదుర్గంలో దిగాక మొదలవుతుంది. నానక్‌రాంగూడకు మెట్రో లేదు; నడుద్దామంటే కాలిబాట మధ్యలోనే తెగిపోతుంది; సాయంత్రం ఒక్కొక్కరూ ఒక్కో క్యాబ్ పిలుచుకుంటారు. రైలులో ఆదా చేసిన శక్తిలో కొంత అక్కడే పోతోంది. మీ కార్యాలయంలో అడిగి చూడండి, స్టేషను నుంచి ఉద్యోగుల కోసం ఒక చిన్న బస్సు నడిపినా కారు కొనే అవసరమే మీకు రాకపోవచ్చు.